1944 జూన్ 22: దారుల కోసం జరిగిన యుద్ధంలో ఒక రోజు

రెండవ ప్రపంచ యుద్ధంలో ఒకే ఒక్క రోజును ఎంచుకొని చెప్పమంటే చాలామంది 1944 జూన్ 6ను, అంటే మిత్రరాజ్యాల సేనలు నార్మండీ తీరాన దిగిన రోజును ఎంచుకుంటారు. దానికి పదహారు రోజుల తరువాత వచ్చిన జూన్ 22కు అంత పేరు లేదు. ఆ గురువారం నాడు ఏ రాజధానీ కూలలేదు, పేరుమోసిన ఏ సేనానీ లొంగిపోలేదు. అయినా మణిపూర్ కొండల నుంచి బెలారూస్ అడవుల దాకా, ఇంగ్లిష్ చానెల్ ఒడ్డు నుంచి పసిఫిక్ నడిమధ్యనున్న సైపాన్ దీవి దాకా ఆ రోజు జరిగినవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే, యుద్ధగమనాన్ని నిర్ణయిస్తున్నది ఏమిటో చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ముందు వరుసలో ఉన్న ఫిరంగుల సంఖ్య కన్నా ఆ ఫిరంగుల దాకా గుండ్లను, ఆ సైనికుల దాకా తిండిని చేర్చే దారి ఎవరి చేతిలో ఉందన్నదే ఆ రోజు ప్రతి రంగంలోనూ అసలు ప్రశ్న అయింది.

మొదట మన దేశపు నేల మీద జరిగినదాన్ని చూడాలి. ఆ ఉదయం పదిన్నర ప్రాంతంలో, దిమాపూర్ నుంచి కోహిమా మీదుగా ఇంఫాల్‌కు వెళ్లే రాదారిపై 109వ మైలురాయి దగ్గర, ఉత్తరం నుంచి దిగివస్తున్న బ్రిటిష్ 2వ డివిజన్ ట్యాంకులు దక్షిణం నుంచి పోరాడుతూ వచ్చిన భారత 5వ డివిజన్ సైనికులను కలుసుకున్నాయి. మార్చి చివరి రోజుల్లో జపాన్ సేనలు తెంచివేసిన దారి అంతటితో తెరుచుకుంది. ఎదురుచూస్తున్న లారీల వరుసలు ఆలస్యం లేకుండా ఇంఫాల్ వైపు కదిలాయి. దాదాపు మూడు నెలల పాటు నేలదారి లేకుండా నిలబడిన ఒక సైన్యానికి ముట్టడి తీరిపోయింది.

ఆ మూడు నెలల కథలో గెలుపోటముల కారణం చాలావరకు దాగి ఉంది. జపాన్ 15వ సైన్యానికి అధిపతి అయిన ముతగుచి రెన్యా, మూడు డివిజన్లతో బర్మాలోని చింద్విన్ నది దాటి ఇంఫాల్‌ను పట్టుకోవాలని వేసిన పథకం మొత్తం ఒక లెక్క మీద ఆధారపడింది. సైనికులు తమ వెంట సుమారు మూడు వారాలకు సరిపడే తిండిని మాత్రమే మోసుకువస్తారు, ఆలోగా ఇంఫాల్ మైదానంలోని బ్రిటిష్ గిడ్డంగులు చేతికి చిక్కుతాయి, ఆపైన శత్రువు తిండితోనే యుద్ధం సాగుతుంది. మోత కోసమూ మాంసం కోసమూ వేలాది పశువులను కొండల మీదుగా తోలుకువచ్చే ఏర్పాటు కూడా చేశారు. వాటిలో ఎన్నో నదిలో మునిగిపోయాయి, ఎన్నో కొండదారుల్లో కూలిపోయాయి. గిడ్డంగులు చిక్కలేదు, వానాకాలం వచ్చిపడింది. కోహిమాను ముట్టడించిన 31వ డివిజన్ అధిపతి సాతో కోతోకు, తన సైనికులకు తిండీ మందుగుండూ పంపని పైవారి ఆజ్ఞను ధిక్కరించి, మే నెలాఖరున వెనుదిరిగాడు. జపాన్ సైన్యంలో ఒక డివిజన్ అధిపతి అలా ప్రవర్తించడం దాదాపు ఊహకందని విషయం. దాన్ని క్రమశిక్షణారాహిత్యంగా జపాన్ అధికారులు చూశారు గాని, ఆకలితో ఉన్న వేలమందిని అర్థంలేని చావు నుంచి తప్పించాలన్న నిర్ణయంగా చూడడమే న్యాయం.

మిత్రపక్షం వైపు ఇదే సమస్యకు దొరికిన సమాధానం ఆకాశదారి. మార్చిలో బర్మా పడమటి తీరాన ఉన్న అరకాన్ రంగంలో పోరాడుతున్న భారత 5వ డివిజన్‌ను మనుషులు, తుపాకులు, కంచరగాడిదలతో సహా విమానాల్లోకి ఎక్కించి నేరుగా ఇంఫాల్ రంగానికి తరలించారు. ముట్టడి కాలంలో సుమారు 19,000 టన్నుల సామగ్రిని, 12,000 మందికి పైగా సైనికులను లోపలికి చేర్చి, దాదాపు 13,000 మంది క్షతగాత్రులను, 43,000 మంది యుద్ధేతరులను బయటికి తరలించారు. ఈ విమానాలు ఎక్కడివి? కొన్ని హిమాలయాల తూర్పు అంచు మీదుగా చైనాకు సరుకులు మోసే 'హంప్' మార్గం నుంచి తప్పించినవి, మరికొన్ని మధ్యధరా రంగం నుంచి అరువుగా వచ్చినవి. ఇంఫాల్‌లో ఒక సైనికుడి కంచంలోకి అన్నం చేరిందంటే చైనాలో ఒక విమానస్థావరానికి పెట్రోలు తగ్గిందన్నమాట, ఇటలీలో ఒక దాడి సన్నాహం కొంత వెనకబడిందన్నమాట. 109వ మైలురాయి దగ్గర దారి తెరుచుకోవడం మణిపూర్ వరకే పరిమితమైన విషయం కాకపోవడానికి కారణం ఇదే. లారీలు మోయడం మొదలుపెట్టగానే విమానాలపై భారం తగ్గింది.

ఆ దారికి తెలుగువారితో ఒక పాత బాధాకరమైన సంబంధం ఉంది. రంగూన్ రేవులోనూ బియ్యపు మిల్లుల్లోనూ పనిచేసిన కూలీలలో కోస్తా జిల్లాల నుంచి వెళ్లినవారు చాలా పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు లక్షలాది భారతీయులు స్వదేశం దారి పట్టారు. ఓడ టిక్కెట్టుకు నోచుకోని అసంఖ్యాకులు నడిచే వచ్చారు. 'తాము' అనే ఊరి దగ్గర సరిహద్దు దాటి, ఇంఫాల్ మీదుగా దిమాపూర్ రైలుస్టేషను చేరుకునే ఈ మార్గం వారు నడిచిన ముఖ్యమైన మార్గాల్లో ఒకటి. కలరాతో, మలేరియాతో, అలసటతో దారిలోనే ప్రాణాలు విడిచినవారి లెక్క ఎవరూ సరిగా రాసిపెట్టలేదు. సైన్యాల కోసం విస్తరించిన రాదారిని సైనిక చరిత్ర గుర్తుంచుకున్నంతగా, ఆ సైన్యాల కన్నా ముందు దాని మీద నడిచిన కూలీలను గుర్తుంచుకోలేదన్నది కఠినమైన నిజం.

ఆ రోజు ఆ కొండల్లో భారతీయులు రెండు వైపులా ఉన్నారన్నది కూడా మరువరానిది. ఏప్రిల్ 14న మొయిరాంగ్‌లో త్రివర్ణ పతాకం ఎగురవేసిన ఆజాద్ హింద్ ఫౌజ్ దళాలు, జపాన్ సైన్యం ఇవ్వగలిగిన కొద్దిపాటి సరఫరా మీదనే ఆధారపడి, అదే ఆకలిని, అదే జ్వరాలను అనుభవించాయి. వారి ఆశయాన్ని ఎవరు ఎలా అంచనా వేసినా, వారిని ఓడించినవాటిలో బ్రిటిష్ తూటాల కన్నా తిండిలేమి, రోగాలు పెద్దవన్నది కాదనలేం. ఇంఫాల్, కోహిమా పోరాటాల్లో పాల్గొన్న సుమారు 85,000 మంది జపాన్ సైనికుల్లో దాదాపు 30,000 మంది చనిపోయారనీ, వారిలో ఎక్కువమందిని పొట్టనబెట్టుకున్నవి ఆకలి, రోగాలేననీ చరిత్రకారులు లెక్కగడుతున్నారు. నాగా, కుకీ, మైతేయి గ్రామాల వారు ఇళ్లూ పంటలూ పోగొట్టుకున్నారు. నాగాల్లో ఎందరో మోతగాళ్లుగా, దారి చూపేవారిగా, గాయపడినవారిని మోసేవారిగా పనిచేశారు.

అదే రోజు అక్కడికి వేల కిలోమీటర్ల దూరంలో, బెలారూస్‌లో, యుద్ధం మొత్తంలోనే అతిపెద్ద దాడుల్లో ఒకటి మొదలవుతోంది. సరిగ్గా మూడేళ్ల క్రితం, 1941 జూన్ 22న, జర్మనీ సోవియట్ యూనియన్ మీద విరుచుకుపడింది. 1944లో అదే తేదీన సోవియట్ దళాలు శత్రువు బలాబలాలను తెలుసుకునే దాడులు ప్రారంభించి, 23న ప్రధాన దాడికి దిగాయి. రొకొసోవ్‌స్కీ నాయకత్వంలోని దక్షిణ విభాగం 24న కదిలింది. 'బగ్రాతియోన్' అన్న ఈ దాడిని వార్షికోత్సవం నాడే మొదలుపెట్టాలని స్టాలిన్ ముహూర్తం పెట్టినట్లు తరచుగా రాస్తుంటారు. వాస్తవం అంత నాటకీయమైనది కాదు. దాడిని అంతకన్నా కొన్ని రోజుల ముందే ప్రారంభించాలనుకున్నారు, కాని దళాలనూ మందుగుండునూ చేరవేసే రైళ్లు రద్దీ వల్ల ఆలస్యమయ్యాయి. తేదీని నిర్ణయించడంలో రైళ్ల పాత్ర పెద్దది.

జర్మన్ల పక్షాన కూడా రైలుపట్టాలే ప్రధానమయ్యాయి. సోవియట్ వేసవి దాడి దక్షిణాన, ఉత్తర ఉక్రెయిన్ వైపు వస్తుందని జర్మన్ ప్రధాన కార్యాలయం గట్టిగా నమ్మి, ట్యాంకు డివిజన్లలో అధికభాగాన్ని అక్కడికి తరలించింది. ఆ నమ్మకం కలిగించడానికి సోవియట్ పక్షం కొన్ని వారాలుగా కదలికలను రాత్రివేళకే పరిమితం చేసి, బెలారూస్ ఎదుట రక్షణకు మాత్రమే సిద్ధమవుతున్నట్లు నటించింది. ఎర్నెస్ట్ బుష్ నాయకత్వంలోని జర్మన్ మధ్య సైన్యసముదాయం పొడవాటి సరిహద్దును పలుచని దళాలతో కాపాడుతోంది. అది నిలదొక్కుకోవాలంటే వెనుకనున్న దళాలను త్వరగా ముందుకు తరలించగలగాలి. జూన్ 19, 20 తేదీల నడుమ రాత్రి బెలారూస్ గెరిల్లాలు జర్మన్ల వెనుక ఉన్న రైలుమార్గాల మీద పదివేలకు పైగా పేలుళ్లు జరిపి ఆ అవకాశానికి గండికొట్టారు. మూడేళ్ల పాటు గ్రామాలను తగులబెట్టి, జనాన్ని చంపి, బలవంతపు చాకిరీకి తరలించిన ఆక్రమణకు ఎదురుగా అడవుల్లో పెరిగిన ప్రతిఘటన అది. ఆక్రమణదారుల క్రూరత్వమే వారి దారులను కాపలా కాయలేని స్థితికి తెచ్చింది.

దాడికి దిగిన ఎర్రసైన్యపు వేగం వెనుక మరో దూరపు దారి ఉంది. అమెరికా నుంచి సోవియట్ యూనియన్‌కు యుద్ధకాలమంతటా సుమారు నాలుగు లక్షల లారీలు, జీపులు చేరాయి. ఇరాన్ మీదుగా, ఉత్తర సముద్రాల మీదుగా, పసిఫిక్ మీదుగా వచ్చిన ఆ వాహనాలే 1944 వేసవిలో కాలిబలగాన్ని, ఫిరంగులను ట్యాంకుల వెంట పరిగెత్తించాయి. దీనివల్ల సోవియట్ విజయం అమెరికన్ విజయం అయిపోదు. చనిపోయినవారు ఎవరో అందరికీ తెలుసు. అయితే ఎదుటి జర్మన్ డివిజన్లలో చాలావాటికి ఇంకా గుర్రపుబండ్లే దిక్కు. ఈ రెండు కదలికల తేడా వల్లనే, జూన్ 22న ఇంకా అఖండంగా కనిపించిన జర్మన్ వరుస, జులై 3న మిన్‌స్క్ పట్టుబడేసరికి పాతిక డివిజన్లకు పైగా నష్టపోయి చెదిరిపోయింది. జర్మనీ మొత్తం యుద్ధంలో చవిచూసిన అతిపెద్ద ఓటముల్లో ఒకటైన దీనికి, నార్మండీతో పోలిస్తే, బయటి ప్రపంచపు జ్ఞాపకంలో దక్కిన చోటు బహు తక్కువ.

నార్మండీలో ఆ రోజు వార్తలు అంత మంచివి కావు. జూన్ 19న మొదలైన తుఫాను 22 దాకా ఇంగ్లిష్ చానెల్‌ను అల్లకల్లోలం చేసింది. సొంత రేవు లేని తీరానికి సరుకులు దించడం కోసం ఇంగ్లండ్ నుంచి ముక్కలుముక్కలుగా లాక్కువచ్చి నిర్మించిన రెండు కృత్రిమ రేవుల్లో, సెయింట్ లొరాన్ వద్ద ఉన్న అమెరికన్ రేవు బాగుచేయడానికి వీలులేనంతగా విరిగిపోయింది. అరొమాంష్ వద్ద ఉన్న బ్రిటిష్ రేవు దెబ్బతిన్నా నిలిచింది. వందల కొద్దీ చిన్న ఓడలు ఒడ్డుకు కొట్టుకువచ్చి ఇసుకలో కూరుకుపోయాయి. మందుగుండు పొదుపుగా వాడవలసి వచ్చింది. కాన్ నగరానికి పడమట బ్రిటిష్ సేనలు తలపెట్టిన పెద్ద దాడి జూన్ 26కు వాయిదాపడింది. జర్మన్ విమానాలు పదిహేను రోజుల్లో చేయలేని నష్టాన్ని గాలి నాలుగు రోజుల్లో చేసింది.

తుఫాను షేర్‌బూర్గ్ రేవు ప్రాధాన్యాన్ని మరింత పెంచింది. జనరల్ కాలిన్స్ నాయకత్వంలోని అమెరికన్ 7వ కోర్ జూన్ 21 రాత్రి అక్కడి జర్మన్ సేనాని ఫాన్ ష్లీబెన్‌కు లొంగిపొమ్మని గడువు పెట్టింది. 22 ఉదయం ఆ గడువు తీరిపోయింది. మధ్యాహ్నం వందల కొద్దీ విమానాలు కోట మీద బాంబులు కురిపించాక రెండు గంటలకు నేల దాడి మొదలైంది. జూన్ 26న ష్లీబెన్ పట్టుబడ్డాడు. కాని ఈలోగా జర్మన్ ఇంజనీర్లు రేవును ఎంత పద్ధతిగా ధ్వంసం చేశారంటే, మొదటి సరుకు దిగేసరికి జులై నెల సగం గడిచిపోయింది. ఊరు పోతుందని తెలిసినప్పుడు ఊరికన్నా విలువైన దారిని శత్రువుకు దక్కనీయకూడదన్న ఆలోచన అది.

ఉక్రెయిన్‌లోని పొల్తావాలో జూన్ 21 అర్ధరాత్రి నుంచి 22 తెల్లవారుజాము వరకు జరిగినది ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చూపుతుంది. ఇంగ్లండ్ నుంచి బయలుదేరి జర్మనీలోని రూలాండ్ చమురు కర్మాగారం మీద బాంబులు వేసిన అమెరికన్ బి-17 విమానాలు, వెనక్కి వెళ్లకుండా ముందుకు సాగి సోవియట్ స్థావరాల్లో దిగాయి. ఒక జర్మన్ విమానం వాటిని దూరం నుంచి వెంబడించి జాడ కనిపెట్టింది. ఆ రాత్రి జర్మన్ బాంబర్లు నేల మీద నిలిపి ఉంచిన నలభైకి పైగా బి-17లను నాశనం చేసి, ఎంతో శ్రమపడి అక్కడికి చేర్చిన విమాన ఇంధనపు నిల్వలను తగులబెట్టాయి. మిత్రుల నడుమ అపనమ్మకం దీనితో పెరిగింది. రెండు మిత్రదేశాల భూభాగాల మధ్య ఆకాశంలో వేయాలనుకున్న ఆ దారి ఆ తరువాత పూర్తిగా కోలుకోలేదు.

పసిఫిక్‌లో దూరాలు మరీ ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్న మరీ తీవ్రం. జూన్ 19, 20 తేదీల్లో ఫిలిప్పీన్స్ సముద్రంలో జరిగిన పోరాటంలో మూడు విమానవాహక నౌకలను, వందల కొద్దీ విమానాలను, అంతకన్నా విలువైన వైమానికులను పోగొట్టుకొన్న అడ్మిరల్ ఒజావా నౌకాదళం 22న ఒకినావా చేరి లంగరు వేసింది. మునిగిన మూడింటిలో రెండు అమెరికన్ జలాంతర్గాముల టార్పిడోలకు బలైనవే. ఆ జలాంతర్గాములే జపాన్ చమురు ఓడలను కూడా వరుసగా ముంచుతుండడంతో, ఇంధనం కొరత వల్ల కొత్త వైమానికుల శిక్షణ కూడా కుంటుపడింది. తమ నౌకాదళం వెనుదిరిగిందంటే సైపాన్ దీవిలోని సుమారు ముప్పైవేల మంది జపాన్ సైనికులకు ఇక తిండి గాని, మందుగుండు గాని, అదనపు బలగం గాని రాదు. అదే రోజు అమెరికన్ మెరీన్లు తపోచౌ కొండ వైపు ఉత్తరంగా దాడి మొదలుపెట్టారు. దీవి దక్షిణాన పట్టుకున్న అస్లితో విమానాశ్రయంలో అమెరికన్ పి-47 యుద్ధవిమానాలు దిగాయి. దీవి సగం ఇంకా జపాన్ చేతిలో ఉండగానే అది అమెరికాకు స్థావరంగా మారిపోయింది. ఆ మధ్యలో చిక్కుకున్న వేలాది జపాన్ పౌరులకు, దీవి స్థానికులకు ఏ వైపునా దారి లేదు.

సైపాన్ విలువను అర్థం చేసుకోవాలంటే బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ వైపు చూడాలి. జూన్ 15న జపాన్‌లోని యవాతా ఉక్కు కర్మాగారం మీద దాడిచేసిన అమెరికన్ బి-29 బాంబర్ల అసలు స్థావరాలు ఖరగ్‌పూర్ పరిసరాల్లో ఉండేవి. అవి మొదట చైనాలోని చెంగ్డూకు ఎగిరి, అక్కడినుంచి జపాన్‌కు వెళ్లేవి. చెంగ్డూలో వాడే ప్రతి లీటరు ఇంధనాన్నీ, ప్రతి బాంబునూ హిమాలయాల మీదుగా విమానాల్లోనే చేర్చాలి. ఒక్క దాడికి ఇంధనం పోగు చేయడానికే ఎన్నో ప్రయాణాలు కావాలి. సైపాన్‌కైతే ఓడలే నేరుగా చమురు తెస్తాయి. అందుకే 1944 నవంబరు నుంచి టోక్యో మీద దాడులు సైపాన్ ఉన్న మెరియానా దీవుల నుంచే సాగాయి.

చైనాలో ఆ రోజు దారి మూసుకుపోతోంది. జపాన్ ఏప్రిల్‌లో ప్రారంభించిన 'ఇచి-గో' దాడిలో సుమారు అయిదు లక్షల మంది సైనికులు పాల్గొన్నారు. అమెరికన్ విమానస్థావరాలను పట్టుకోవడంతో పాటు, ఉత్తర చైనా నుంచి ఇండోచైనా దాకా అవిచ్ఛిన్నమైన నేలదారిని సంపాదించడం దాని లక్ష్యం. సముద్రం మీద ఓడలు మునిగిపోతున్న దేశం రైలుపట్టాల కోసం ఎంత పెద్ద యుద్ధానికి దిగిందో ఇక్కడ చూడవచ్చు. జూన్ 18న చాంగ్‌షా పతనమైంది. 22, 23 తేదీల్లో జపాన్ దళాలు రైలు కూడలి అయిన హెంగ్యాంగ్ పొలిమేరలకు చేరాయి. ఫాంగ్ షియాన్‌జుయె నాయకత్వంలో ఒక చిన్న చైనా సైన్యం బయటి సహాయం దాదాపు లేకుండానే ఆగస్టు 8 దాకా, 47 రోజులు ఆ ఊరిని నిలబెట్టింది. ఇంఫాల్‌కు లభించిన విమానాల్లో కొద్దిభాగమైనా హెంగ్యాంగ్‌కు దక్కి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న సహజం. అయితే హంప్ దారి అప్పటికే బాంబర్లకు, బర్మా రంగానికి, చైనా సేనలకు మధ్య చాలీచాలకుండా పంచబడుతోంది.

మిగిలిన రంగాల గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఉత్తర బర్మాలో మొగాంగ్‌ను పట్టుకోవడానికి చిండిట్ దళాలు (శత్రువు వెనుక పోరాడే బ్రిటిష్-భారత దళాలు), చైనా దళాలు మర్నాటి దాడికి సిద్ధమయ్యాయి. మిచినా పట్టణం ముట్టడిలో ఉంది. రెండూ అస్సాంలోని లెడో నుంచి చైనాకు వేస్తున్న రాదారి కోసమే. జూన్ 4న రోమ్ పట్టుబడ్డాక ఇటలీలో మిత్రసేనలు ట్రసిమెనో సరస్సు దగ్గర జర్మన్ రక్షణరేఖను ఎదుర్కొంటున్నాయి. వాటిలో భారత డివిజన్లు కూడా ఉన్నాయి. దక్షిణ ఫ్రాన్స్‌లో దిగే దాడి కోసం అక్కడినుంచి కొన్ని డివిజన్లను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ దాడి జూన్‌లో కాక ఆగస్టులో జరగడానికి కారణం సేనలను దించే ఓడలు చాలకపోవడం. విపూరి నగరం 20న సోవియట్ సేనల వశమైన ఫిన్లండ్‌కు జర్మన్ విదేశాంగ మంత్రి రిబ్బెంట్రాప్ 22న వచ్చి, ఆయుధాలు కావాలంటే సోవియట్ యూనియన్‌తో విడిగా సంధి చేసుకోబోమని మాట ఇవ్వమన్నాడు.

దారుల గురించి మాట్లాడేటప్పుడు దాటవేయకూడనిది ఒకటుంది. మే 15 నుంచి జులై 9 వరకు హంగరీ నుంచి నాలుగు లక్షలకు పైగా యూదులను రైళ్లలో తరలించారు. వారిలో అత్యధికులు అవుష్విట్జ్ మరణశిబిరానికి చేరి, చేరిన రోజునే చంపబడ్డారు. తూర్పు రంగంలో ఒక్కొక్క రైలు కోసం సేనలు అల్లాడుతున్న వేసవిలో నాజీ ప్రభుత్వం ఈ పనికి బండ్లను, ఇంజన్లను, సిబ్బందిని కేటాయిస్తూనే వచ్చింది. సైనిక అవసరం ఒక్కటే ఆ ప్రభుత్వాన్ని నడిపించిందనుకునేవారు ఈ రైళ్లను లెక్కలోకి తీసుకోవాలి.

వాషింగ్టన్‌లో అదే రోజు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తిరిగివచ్చే సైనికులకు చదువు, ఇంటి రుణాలు, నిరుద్యోగ భృతి కల్పించే చట్టం మీద సంతకం చేశాడు. షేర్‌బూర్గ్ ముందు కాల్పులు సాగుతుండగానే యుద్ధానంతర జీవితానికి ఏర్పాట్లు చేయగలిగిన దేశం అది. అదే యుద్ధంలో ఇరవై లక్షలకు పైగా సైనికులను పంపిన భారతదేశంలో బెంగాల్ ఇంకా 1943 కరవు నుంచి తేరుకోలేదు. బర్మా బియ్యం రాక ఆగిపోవడం, జపాన్ చేతికి చిక్కుతాయన్న భయంతో తీర జిల్లాల్లో పడవలను ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం ఆ కరవును తీవ్రం చేసినవాటిలో ఉన్నాయి. సైన్యం కోసం దారులను కాపాడిన ప్రభుత్వం ప్రజల తిండికి ఉన్న దారులను తానే తెంచింది.

జూన్ 22న తెరుచుకున్న దారులు, తెరుచుకోని దారులు ఆ ఏడాది చివరిదాకా ప్రభావం చూపాయి. ఇంఫాల్ రాదారి మీద పోగైన సామగ్రితోనే స్లిమ్ నాయకత్వంలోని బ్రిటిష్-భారత 14వ సైన్యం డిసెంబరు నాటికి చింద్విన్ దాటి బర్మాలోకి సాగగలిగింది. బెలారూస్‌లో బయలుదేరిన ఎర్రసైన్యం ఆగస్టు మొదట్లో విస్చులా నది చేరేసరికి సరఫరా రైళ్లను చాలా వెనుక వదిలివచ్చింది. దాడి మందగించడానికి అది ముఖ్యకారణాల్లో ఒకటి. పశ్చిమాన షేర్‌బూర్గ్, నార్మండీ తీరం మీదనే చాలావరకు ఆధారపడిన మిత్రసేనలు, సెప్టెంబరులో జర్మనీ సరిహద్దు దగ్గర పెట్రోలు చాలక ఆగిపోయాయి. సెప్టెంబరు 4న ఆంట్‌వెర్ప్ రేవు దాదాపు చెక్కుచెదరకుండా చేతికి వచ్చినా, సముద్రం నుంచి దానికి వచ్చే నదీముఖం జర్మన్ల అధీనంలో ఉండిపోవడంతో, మొదటి సరుకు ఓడల వరుస అక్కడికి చేరింది నవంబరు 28న.